తొడ వెనక తాడు తెగితే: మోకాలి దగ్గర హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బ, ఆపరేషన్, ఆ తర్వాతి ఆరు నెలలు

(మన సంఘం బులెటిన్, ఆరోగ్య పేజీ. పోయిన ఆదివారం సాయంత్రం క్యాంపు మెస్ హాల్లో జరిగిన నెలవారీ సమావేశంలో, దుబాయ్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న మన జగిత్యాల అన్న మాట్లాడిన మాటలు ఇవి. ఆడియో విని రాశాం. పొడవుగా ఉందని వదిలేయకండి, సేవ్ చేసుకుని తీరిగ్గా చదవండి. రూములో చదవడం రాని వాళ్ళుంటే చదివి వినిపించండి.)

వారమంతా ఎండలో పనిచేసి, ఉన్న ఒక్క సెలవు రోజు నా మాట వినడానికి వచ్చారు. బిర్యానీ ఎనిమిదింటికి అన్నారు కాబట్టి అంతలోపే ముగిస్తా.

సంఘం వాళ్ళు నన్ను నడుం నొప్పి మీద మాట్లాడమన్నారు. దాని గురించి ఇదివరకే రెండుసార్లు చెప్పాను. మీరు ఎత్తే బరువులు మారలేదు, నా సలహా మారలేదు. ఈసారి వేరే విషయం ఎంచుకున్నా. ఈ విషయంలో తప్పు చేసినవాణ్ణి నేనే కాబట్టి.

పోయిన ఏడాది జూలైలో ఒక రాత్రి పదకొండు గంటలకు నాకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మా దిక్కు తమ్ముడే, షట్టరింగ్ కార్పెంటర్. పేరు చెప్పను. "అన్నా, సైట్ల షట్టరింగ్ ప్లై మీద నూనె ఉండె, జారిన. కాలు ముంగటికి వోయింది, నేను ముంగటికి వంగిన. మోకాలు ఎనక టప్పుమని సప్పుడైంది. నడుస్తున్న గని కాలు ఎట్లనో అయితుంది. ఏం జెయ్యాలె?" అంతే, ఇరవై సెకన్ల మెసేజ్.

నేను డ్యూటీ దిగి వచ్చి పడుకున్నా. కళ్ళు మూసుకునే జవాబిచ్చా. "కండరం పట్టినట్టుంది, నాలుగు రోజులు రెస్ట్ తీసుకో, వేడి కాపడం పెట్టు, తగ్గిపోతది" అన్నా. పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి. టప్పుమని చప్పుడైందని అతను చెప్పాడు. ఆ ఒక్క ముక్క విన్నాక నేను లేచి కూచోవాలి. కూచోలేదు. ఆ జవాబు వల్ల ఆ తమ్ముడికి ఐదు వారాలు పోయాయి. ఆ ఐదు వారాలు పోతే ఏమవుతుందో మీకు చెప్పాలని ఈ రోజు వచ్చా.

ముందు ఆ తాడు ఎక్కడుందో చూద్దాం. కుర్చీలో కూచున్న వాళ్ళందరూ ఒక పని చేయండి. పాదం నేల మీద పెట్టి, మడమను నేలకేసి అదిమి, కుర్చీ కిందికి లాగుతున్నట్టు బలం పెట్టండి. కాలు కదలొద్దు, బలం మాత్రమే. ఇప్పుడు చేత్తో మోకాలి వెనక తడిమి చూడండి. రెండు పక్కలా గట్టి తాళ్ళు తగులుతున్నాయా? బయటి వైపు ఒకటి, లోపలి వైపు ఒకటో రెండో. అవే హ్యామ్‌స్ట్రింగ్ తాళ్ళు. పిర్ర కింద కూచునే ఎముక దగ్గర మొదలై, తొడ వెనక అంతా కండగా దిగి, మోకాలి కింద తాళ్ళలాగ ఎముకకు పట్టుకుంటాయి. బయటి వైపు తాడు పేరు బైసెప్స్ ఫెమోరిస్. అది కాలి బయటి సన్న ఎముక, అంటే ఫిబులా, దాని తలకాయకు అతుక్కుంటుంది. లోపలి వైపు రెండు: సెమీటెండినోసస్, సెమీమెంబ్రనోసస్. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బయట ఒకటి, లోపల రెండు, అంతే.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కు ఉంది. మనం అన్నిటినీ నరం అంటాం. కండరం పడితే నరం పట్టింది, తాడు తెగితే నరం తెగింది, తిమ్మిరెక్కితే నరం లాగుతుంది, చేతి మీద కనిపించే రక్తనాళం కూడా నరమే. స్కూలు పుస్తకంలో దీన్ని స్నాయుబంధనం అన్నారు, పదో తరగతి పరీక్ష దాటాక ఆ మాట ఎవరూ వాడలేదు. డాక్టర్లు టెండాన్ అంటారు. మీరు డాక్టరు దగ్గరికి పోయి హిందీలో 'నస్ ఖీంచ్ గయా' అంటే, ఆయన అసలు నరం గురించి ఆలోచిస్తాడు, లేకపోతే మామూలు పట్టు అనుకుని గోలీలు రాసిస్తాడు. అందుకని పేరు చెప్పకండి. ఏం జరిగిందో చెప్పండి: ఎట్లా జారారు, కాలు ఎటు పోయింది, చప్పుడైందా, ఎక్కడ నల్లబడింది, ఏ పని చేయలేకపోతున్నారు.

ఈ తాళ్ళు తెగడం రోజూ జరిగేది కాదు. హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బల్లో ఎక్కువ భాగం తొడ మధ్యలో కండ చిట్లడమే. అవి చాలా వరకు ఆపరేషన్ లేకుండానే నయమవుతాయి. మోకాలి దగ్గర తాడు ఎముక నుంచి ఊడిపోవడం తక్కువ. తక్కువ కాబట్టే దొరకదు. చూసేవాళ్ళు కూడా 'మజిల్ పుల్' అని వదిలేస్తారు. నాలాగే.

ఎట్లా తెగుతుంది? మోకాలు చాచి ఉండి, నడుం ముందుకు వంగినప్పుడు తాడు రెండు చివర్లా లాగబడుతుంది. ఆ క్షణంలో బరువు మీద పడితే తెగుతుంది. మన పనుల్లో ఇది ఎక్కడ వస్తుందో మీకే తెలుసు. షట్టరింగ్ నూనె మీద జారడం, ర్యాంపు మీద ఇసుక, ట్రక్కు వెనక డోరు నుంచి బరువుతో దిగేటప్పుడు ఒక కాలు ముందుకు జారిపోవడం. ఆదివారం పూట వామప్ లేకుండా క్రికెట్టు ఆడేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ పేర్లు నాకు తెలుసు. మోకాలికి లోపలి వైపు నుంచి గట్టిగా తగిలి కాలు బయటికి విల్లులా వంగితే, బయటి తాడుతో పాటు దాని పక్కనున్న లిగమెంట్లు కూడా పోవచ్చు. అప్పుడది ఇంకా పెద్ద దెబ్బ.

గుర్తులు చెప్తా. చప్పుడు వినిపించడం లేదా ఏదో తెగినట్టు అనిపించడం. ఒకటి రెండు రోజుల్లో మోకాలి వెనక, పిక్క దాకా నల్లగా కమిలిపోవడం. మడమను పిర్ర వైపు మడవాలంటే బలం లేకపోవడం. మంచి కాలికి చేతికి తగిలే తాడు దెబ్బ కాలికి తగలకపోవడం, అక్కడ గుంటలా ఉండడం. దెబ్బ తగిలిన కొత్తలో మీరే బలం పెట్టి పరీక్ష చేసుకోవద్దు, మెల్లగా తడిమి చూస్తే చాలు. ఇంకొకటుంది, ఇది అన్నిటికంటే ముఖ్యం: కాలి బొటనవేలు, పాదం పైకెత్తలేకపోవడం, పాదం పై భాగం మొద్దుబారడం. ఇది ఎందుకో తర్వాత చెప్తా. ఇది కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

ఆ తమ్ముడి దగ్గరికి మళ్ళీ వస్తా. దెబ్బ తగిలిన మర్నాడు ఫోర్‌మన్ అతన్ని ఒక క్లినిక్‌కు పంపాడు. పంపే ముందు ఒక మాట చెప్పాడు: "సైట్ల పడ్డ అని చెప్పకు, రూముల బాత్రూమ్‌ల జారిన అని చెప్పు. సైట్ అంటే సేఫ్టీ వాళ్ళొస్తరు, పని ఆగుతది, నీకే కష్టం." తమ్ముడు అట్లాగే చెప్పాడు. అక్కడ ఎక్స్‌రే తీశారు. ఎముక బాగుంది, ఏం కాలేదన్నారు. గోలీలు ఇచ్చి మూడు రోజుల సిక్ లీవు రాశారు. ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది అన్నా, తాడు కనిపించదు. ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగుందని మాత్రమే. తాడు చూడాలంటే ఎమ్మారై కావాలి, కనీసం చేయి తిరిగిన వాళ్ళు చేసిన అల్ట్రాసౌండ్ అయినా కావాలి.

నాలుగో రోజు పనిలోకి పోయాడు. రూము వాళ్ళు రోజూ రాత్రి వేడి నూనెతో మర్దనా చేశారు. ప్రేమతో చేశారు, తప్పు పట్టను. కాని తెగిన చోట వేడి పెట్టి రుద్దితే లోపల రక్తం ఇంకా పోతుంది, వాపు పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు చేయాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: పని ఆపడం, గుడ్డలో చుట్టిన ఐసు ఒక్కోసారి పావుగంట, క్రేప్ బ్యాండేజీ మరీ బిగించకుండా, పడుకున్నప్పుడు కాలు దిండు మీద. వేడి కాపడం పెట్టమని చెప్పింది నేనే, అది కూడా రాసిపెట్టుకోండి.

ఐదు వారాల తర్వాత వేరే పని మీద వాళ్ళ క్యాంపుకు పోయా. తమ్ముడు చాయ్ పట్టుకుని ఎదురొస్తున్నాడు. అడుగు పడ్డప్పుడు పాదం టప్ టప్‌మని నేలకు కొట్టుకుంటోంది. మడమ ముందు ఆనాలి, పాదం తర్వాత మెల్లగా దిగాలి. అతనిది చెప్పులాగ పడుతోంది. నాకు చాయ్ సహించలేదు. మంచం మీద బోర్లా పడుకోబెట్టి చూశా. బయటి తాడు లేదు. ఉండాల్సిన చోట చేయి మెత్తగా దిగిపోయింది.

మనం ఊళ్ళో బర్రెను గుంజకు కట్టేస్తాం కదా. గుంజ అంటే ఎముక, తాడు అంటే టెండాన్, బర్రె అంటే తొడలో కండరం. తాడు గుంజ దగ్గర ఊడిపోతే బర్రె అక్కడే నిలబడదు, తాడును ఈడ్చుకుంటూ మెల్లగా ముందుకు పోతూనే ఉంటుంది. మొదటి రోజు గుంజకు రెండు మూరల దూరంలో ఉంటుంది, పట్టుకొచ్చి కట్టేయొచ్చు. నెల తర్వాత చేను దాటి పోయి, తాడు ముళ్ళ కంపలో చిక్కుకుని ఉంటుంది. కండరం కూడా అట్లాగే పైకి ముడుచుకుపోతుంది, చుట్టూ మచ్చ కణజాలం పేరుకుంటుంది. అందుకే పూర్తిగా ఊడిపోయిన తాడుకు మొదటి రెండు మూడు వారాల్లో ఆపరేషన్ అయితే సులువు. ఆలస్యమైతే చేయలేరని కాదు. చేస్తారు, కాని కోత పెద్దది, లోపల విడదీయాల్సింది ఎక్కువ, ఒక్కోసారి తాడు అందక వేరే చోటి నుంచి తాడు ముక్క తెచ్చి అతకాల్సి వస్తుంది.

పాదం ఎందుకు టప్ టప్‌మంది? ఇది అసలు నరం కథ. బయటి తాడును ఆనుకునే ఒక పెద్ద నరం దిగుతుంది, కామన్ పెరోనియల్ అంటారు. ఫిబులా మెడ చుట్టూ తిరిగి కిందికి పోతుంది. పాదాన్ని పైకెత్తే ఆజ్ఞ దాని గుండానే వస్తుంది. తాడు ఊడినప్పుడు ఈ నరం కూడా సాగొచ్చు. లేకపోతే తర్వాత మచ్చలో ఇరుక్కోవచ్చు. ఈ తమ్ముడికి ఆ రెండో పనే జరిగిందని సర్జన్ లోపల చూశాక చెప్పాడు.

అందరికీ ఆపరేషన్ కావాలా అంటే, వద్దు. కొద్దిగా చిరిగినవి, కండలో చిట్లినవి పట్టీ, విశ్రాంతి, వ్యాయామంతో నయమవుతాయి. లోపలి వైపు తాళ్ళలో సెమీటెండినోసస్ ఒక్కటే తెగితే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. నిజానికి మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ పోయినవాళ్ళకు సర్జన్లు ఆ తాడునే కోసి తీసి కొత్త లిగమెంట్‌గా వాడతారు. ఆ తర్వాత కూడా వాళ్ళు నడుస్తారు, పరిగెత్తుతారు. బయటి తాడు ఎముక నుంచి పూర్తిగా ఊడితే, అందులోనూ నిచ్చెనలెక్కే, బరువులెత్తే మనిషికైతే, మామూలుగా కుట్టమనే చెప్తారు. ఏది అవసరమో ఎమ్మారై చూసి, చేత్తో పరీక్షించి ఎముకల సర్జన్ చెప్పాలి. నేను కాదు, గ్రూపులో ఎవరో పెట్టిన వీడియో కాదు.

ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలిస్తే భయం తగ్గుతుంది. నడుంలో మత్తు సూది ఇస్తారు, లేకపోతే పూర్తి మత్తు. మోకాలి బయటి పక్క కోస్తారు. ముందుగా ఆ నరాన్ని వెతికి, దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టుకుంటారు. ఆ తర్వాత ముడుచుకున్న తాడు చివర పట్టుకుని, మచ్చ నుంచి విడిపించి, కిందికి తెస్తారు. ఫిబులా తలకాయలో చిన్న రంధ్రం చేసి యాంకర్లు దిగ్గొడతారు. మనం గోడలో రావల్ ప్లగ్ పెడతామే, అట్లాంటిదే, బాగా చిన్నది. దానికి గట్టి దారాలుంటాయి. ఆ దారాలతో తాడును ఎముకకు అదిమి కట్టేస్తారు. దారం తాత్కాలికంగా పట్టుకుంటుంది. తాడు నిజంగా ఎముకలో కలిసిపోవడం మన ఒంటి పని, దానికి వారాలు పడుతుంది. ఈ సంగతి మర్చిపోయినవాళ్ళే మళ్ళీ తెంపుకుంటారు.

ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ తెలుసు కదా. 2024 డిసెంబర్‌లో హామిల్టన్ టెస్టులో తొడ వెనక కండరం చింపుకున్నాడు, 2025 జనవరిలో ఆపరేషన్ అయింది, మళ్ళీ టెస్టులో దిగింది మే నెలలో. ఆయనదీ మన తమ్ముడిదీ ఒకే చోటి దెబ్బ అని చెప్పడం లేదు. ఆయన చుట్టూ ఫిజియోలు, స్విమ్మింగ్ పూలు, వంటవాళ్ళు ఉంటారు. అయినా నాలుగు నెలలు దాటింది. మన దగ్గర పై బెర్తు, కామన్ బాత్రూమ్, మెస్ పప్పు ఉన్నాయి. 'ఇరవై రోజుల్లో పనిలోకి రా' అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి.

ఆపరేషన్ తర్వాత రోజులు సర్జన్‌ను బట్టి, కుట్టు గట్టితనాన్ని బట్టి మారతాయి. నేను చెప్పేది సుమారు లెక్క. మీ డిశ్చార్జి కాగితం మీద వేరేగా ఉంటే అదే పాటించండి.

మొదటి ఆరు వారాలు కుట్టును కాపాడుకునే కాలం. మోకాలికి హింజ్ బ్రేస్ వేస్తారు, ఎంత వంచాలో చాచాలో అందులో లాక్ చేసి ఇస్తారు. చంక కర్రలతో నడక, ఆ కాలి మీద బరువు అసలు వేయకుండా, లేదా నేలకు తాకించేంత మాత్రమే. మీ బలంతో మడమను వెనక్కి మడవొద్దు. ఇంకో పని అస్సలు చేయొద్దు: కాలు చాచి ఉంచి ముందుకు వంగడం. సాక్సు వేసుకోవడానికి, కింద పడ్డ ఫోను తీయడానికి, మంచం మీద కాళ్ళు చాపుకుని కంచం మీదికి వంగడానికి అట్లాగే వంగుతాం. దెబ్బ తగిలింది కూడా అదే భంగిమలో. రూములో ఒకణ్ణి పెట్టుకోండి, సాక్సు అతనే వేయాలి. సిగ్గుపడొద్దు.

కింది బెర్తు అడగండి. ఇవ్వనంటే క్యాంప్ బాస్‌కు డాక్టరు కాగితం చూపించండి, కాగితం మీద 'కింది బెర్తు, వెస్ట్రన్ టాయ్‌లెట్' అని రాయించుకోండి. డాక్టర్లకు క్యాంపు ఎట్లా ఉంటుందో తెలియదు. అడిగితే రాస్తారు. కూచునే లెట్రిన్ లేకపోతే మధ్యలో రంధ్రమున్న కమోడ్ స్టూలు ఫార్మసీల్లో దొరుకుతుంది, నలుగురు కలిసి కొంటే భారం కాదు. మన సంఘం దగ్గర రెండున్నాయి, వాడినవాళ్ళు కడిగి తిరిగి ఇవ్వాలి. గొంతుక్కూచోవడం, బాసింపట్టు వేసుకోవడం మూణ్ణాలుగు నెలల దాకా మర్చిపోండి. నమాజు చదివే అన్నలు కుర్చీ మీద చదవండి. మెట్లు, బస్సు: ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ కాలు, కర్రలు ఎప్పుడూ దెబ్బ కాలితోనే. కర్రల కింద రబ్బరు అరిగిందేమో చూడండి. తడి బాత్రూమ్‌లో దానివల్లే జారతారు.

ఈ ఆరు వారాల్లో ఖాళీగా పడుకోమని కాదు. పాదాన్ని పైకీ కిందికీ గంటకోసారి ఇరవై సార్లు ఆడించండి, రక్తం గడ్డకట్టకుండా. తొడ ముందు కండరాన్ని బ్రేస్‌లోనే బిగించి ఐదు లెక్కపెట్టి వదలండి. పిక్క ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కావచ్చు. దానితోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే వెంటనే 998 అంబులెన్సు. కుట్ల దగ్గర చీము, జ్వరం వస్తే ఆ రోజే దవాఖాన. బీడీ, సిగరెట్ మానేయండి, గాయం మానడం ఆలస్యమవుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు అదుపులో పెట్టుకోండి. గుడ్డు, పప్పు, చేప తినండి.

ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా కర్రలు వదిలి నడక, మోకాలు పూర్తిగా వంచడం చాచడం మెల్లగా తెచ్చుకోవడం, బరువు లేని సైకిలు. బోర్లా పడుకుని కాలు మడవడం ఫిజియో చెప్పాకే. మూడు నెలలు దాటాక బలం పని: వెల్లకిలా పడుకుని పిర్రలు పైకెత్తే బ్రిడ్జి, తువ్వాలు మీద మడమ పెట్టి టైల్సు నేల మీద ముందుకు మెల్లగా జారనిచ్చి మళ్ళీ లాక్కోవడం. ఈ తువ్వాలు వ్యాయామానికి మిషన్ అక్కర్లేదు, కాని ఇది తేలిక కాదు, అతి ముందు చేస్తే ప్రమాదం. బరువులు, నిచ్చెన, స్కాఫోల్డింగ్ నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, అదీ రెండు కాళ్ళ బలం పోల్చి చూశాకే. నొప్పి లేకపోవడం బలం వచ్చినట్టు కాదు.

చాలామంది బేసిక్ ఇన్సూరెన్సు కార్డుల్లో ఏడాదికి ఆరు ఫిజియో సిట్టింగులే ఉంటాయి. ఆరింటినీ మొదటి నెలలో వాడేయకండి. కుట్లు తీశాక ఒకటి, ఆరో వారం ఒకటి, అట్లా పంచుకోండి. ప్రతిసారీ ఫిజియోను వ్యాయామాలు చేయించి మీ ఫోన్లో వీడియో తీయమనండి. మా వాళ్ళు ఎవరూ కాదనరు.

ఇప్పుడు డబ్బు, కాగితాలు. ఇది వినండి, నిద్రపోతున్న వాళ్ళను లేపండి.

యూఏఈ కార్మిక చట్టం, 2021 నాటి 33వ నంబరు, ప్రకారం పని మీద తగిలిన దెబ్బకు చికిత్స ఖర్చు కంపెనీదే. చికిత్సలో ఉన్నంత కాలం, ఆరు నెలల దాకా, పూర్తి జీతం. అంతకు మించితే ఇంకో ఆరు నెలలు సగం జీతం. వైకల్యం మిగిలిపోతే నష్టపరిహారం వేరే. అదే దెబ్బ బాత్రూమ్‌లో తగిలితే? అది మామూలు సిక్ లీవు. ప్రొబేషన్ అయ్యాక ఏడాదికి 90 రోజులు: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం, మిగతా 45 రోజులకు సున్నా. ఈ ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు నెలలు బరువు పని లేదని ఇందాకే చెప్పా. 'బాత్రూమ్‌ల జారిన' అన్న ఒక్క మాట ఖరీదు ఎంతో మీరే లెక్కేసుకోండి.

మన తమ్ముడి క్లినిక్ కాగితం మీద బాత్రూమ్ అని ఉంది. కంపెనీ మందూబ్ ఆ కాగితం చూపించి 'ఇది మా బాధ్యత కాదు, కావాలంటే టికెట్ ఇస్తాం, ఊళ్ళో చేయించుకో' అన్నాడు. రూము వాళ్ళలో ఇద్దరు సాక్ష్యం చెప్తామన్నారు. ఒకడు మర్నాడు వెనక్కి తగ్గాడు, అతని వీసా రెన్యువల్ దగ్గర పడింది, నేను తప్పు పట్టను. చివరికి పనికొచ్చింది ఏమిటో తెలుసా? నాకు పంపిన ఆ వాయిస్ మెసేజ్. దెబ్బ తగిలిన రోజు రాత్రి, తేదీ, టైముతో సహా, 'సైట్ల షట్టరింగ్ ప్లై మీద జారిన' అని అతని గొంతులో ఉంది. దాని కిందే 'కండరం పట్టినట్టుంది' అని నా గొంతు కూడా ఉంది. రెండూ కలిపి వినిపించాల్సి వచ్చింది. కాన్సులేట్ వాళ్ళ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలో ఉచితంగా న్యాయ సలహా ఇస్తారు, అక్కడ కూచుని విన్నాం. తర్వాత కార్మిక శాఖలో, అంటే మొహ్రేలో, ఫిర్యాదు పెడతామనే సరికి కంపెనీ ఒప్పుకుంది. ఆపరేషన్ ఇక్కడే అయింది.

అందుకని దెబ్బ తగిలిన రోజే సంఘం గ్రూపులోనో, తెలిసినవాళ్ళకో ఒక మెసేజ్ పెట్టండి: ఎక్కడ, ఎన్నింటికి, ఎట్లా, ఎవరు చూశారు. జారిన చోటు ఫొటో. క్లినిక్‌లో 'సైట్' అనే చెప్పండి, ఇచ్చిన కాగితం మీద అదే రాశారో లేదో రూములో ఇంగ్లీషు వచ్చినవాళ్ళతో అక్కడే చదివించుకోండి. అరబ్బీ కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టొద్దు. ఎమ్మారై సీడీ, రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్, అన్నీ ఫొటో తీసి ఇంట్లోవాళ్ళకు పంపండి. ఊరికి పోయినా నిమ్స్‌లో గాని ఇంకెక్కడ గాని సర్జన్ ముందు అడిగేది అవే.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్ళు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కాగితం వెతుక్కోండి. అందులో ప్రమాద మరణానికీ శాశ్వత వైకల్యానికీ 10 లక్షలున్నాయి, దవాఖాన ఖర్చుకు కూడా కొంత ఉంది. చాలామందికి ఆ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోయింది.

ఆ తమ్ముడి సంగతి అడుగుతారు కాబట్టి చెప్తా. ఆపరేషన్ అయి పది నెలలు కావస్తోంది. ఏడో నెలలో బొటనవేలు పైకెత్తడం వచ్చింది, నాకు వీడియో పంపాడు. అప్పటిదాకా పాదం వాలకుండా ప్లాస్టిక్ పట్టీ వేసుకుని నడిచాడు. పాదం మీద కొంత మేర ఇప్పటికీ మొద్దే. స్కాఫోల్డింగ్ ఎక్కడం లేదు, యార్డులో కటింగ్ దగ్గర పెట్టారు, ఓవర్‌టైమ్ లేదు. వీసాకు చేసిన అప్పు తీరలేదు. నాతో మాట్లాడుతున్నాడు. మొదటి రెండు నెలలు మాట్లాడలేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: పుత్తూరు కట్టు కట్టించుకుంటే సరిపోదా?) అన్నా, ఆ కట్టు విరిగిన ఎముకకు కడతారు. ఎముక రెండు ముక్కలూ దగ్గరదగ్గరగా ఉంటే కదలకుండా కట్టొచ్చు. తాడు ఊడి నాలుగు వేళ్ళు పైకి పోయాక బయట నుంచి ఏ కట్టు కట్టినా అది కిందికి రాదు.

(ప్రశ్న: యాంకర్లు ఎయిర్‌పోర్టులో మోగుతాయా? విమానం ఎప్పుడెక్కొచ్చు?) యాంకర్లు చాలా చిన్నవి, కొన్ని లోహమే కావు. మామూలుగా మోగవు. డిశ్చార్జి కాగితం జేబులో పెట్టుకోండి. ఇక్కణ్ణుంచి హైదరాబాద్ నాలుగు గంటలే అయినా, ఆపరేషన్ అయిన కొత్తలో కాలు కదలకుండా కూచోవడం మంచిది కాదు, రక్తం గడ్డ భయం. సర్జన్ దగ్గర ప్రయాణానికి ఫిట్ అని రాయించుకుని, బ్రేస్ ఉందని విమానం వాళ్ళకు ముందే చెప్పి, ముందు కాలు చాపే చోటున్న సీటు అడగండి. నీళ్ళు తాగండి, పాదం ఆడిస్తూ ఉండండి.

(ప్రశ్న, ఒక అక్క: ఇళ్ళల్లో పనిచేసే మాకు ఈ చట్టం వర్తిస్తుందా?) మంచి ప్రశ్న అక్కా. మీకు వేరే చట్టం ఉంది, 2022 నాటి 9వ నంబరు. వైద్య బీమా యజమానే చేయించాలి. సిక్ లీవు ఏడాదికి 30 రోజులు, అందులో 15 రోజులకు పూర్తి జీతం, మిగతా 15కు జీతం లేదు. మీ ఒప్పందం కూడా మొహ్రే కిందే ఉంటుంది, ఫిర్యాదు అక్కడే. మేడమ్ 'రెండు రోజులు చూద్దాం' అన్నా మీరు ఫొటో, మెసేజ్ పెట్టడం ఆపకండి.

(ప్రశ్న: అన్నా, నాకు పద్దెనిమిది రోజుల కింద ట్రక్కు దిగుతుంటే మోకాలు వెనక టప్పుమన్నది. నడుస్తున్న గని మెట్లెక్కుతుంటే బలం లేదు.)

ఎక్కడున్నావు తమ్ముడూ, చెయ్యెత్తు. సరే, అక్కడే కూచో, కాలు చాపకు. బొటనవేలు పైకెత్తి చూపించు. ఆ, లేస్తుంది. క్లినిక్‌లో ఎక్కడ పడ్డానని చెప్పావు? సరే, కాగితం తెచ్చావా? రూములో ఉంటే ఎవరైనా పోయి తీసుకురండి. మిగతావాళ్ళు బిర్యానీకి పదండి, ఆ పక్క బల్ల ఖాళీ చేసి ఇవ్వండి, ఇతన్ని బోర్లా పడుకోబెట్టి చూడాలి.